రక్తనాళం సడలింది, ఆ తర్వాత?

గుంటూరు మిర్చి యార్డుకి మిరప టిక్కీలు బారులు తీరే రోజుల్లోనే మా ఫార్మసీ కాలేజీల్లో ప్రాజెక్టుల హడావిడి మొదలవుతుంది. సంక్రాంతికి ఇళ్ళకెళ్ళిన పిల్లలు తిరిగొచ్చేటప్పుడు అరిసెల డబ్బాతో పాటు ఏదో ఒక ఆకు పట్టుకొస్తారు. “మేడమ్, మా ఊళ్ళో బీపీకి దీని కషాయం తాగుతారు, దీని మీద చేద్దాం” అంటారు. ఒకరిది మునగాకు, ఒకరిది గలిజేరు, ఇంకొకరిది పత్తి చేలో అరికాళ్ళకు గుచ్చుకునే పల్లేరు. మార్కాపురం, యర్రగొండపాలెం వైపు వాళ్ళయితే నల్లమల నుంచి తెల్లమద్ది చెక్క తెస్తారు. ఫార్మకాలజీ చెప్పేదాన్ని కాబట్టి ఆ సంచులన్నీ నా బల్ల మీదికే చేరతాయి. వద్దని ఎవరినీ పంపను. ముందు ఒక్కటి అడుగుతాను: ఎవరి రక్తనాళం మీద చూద్దాం?

పిల్లలు తెల్లబోతారు. వాళ్ళ దృష్టంతా ఆకు మీదే. ఆ ఆకుని రుచి చూడబోయే నాళం గురించి ఎవరూ ఆలోచించి రారు.

పరీక్ష చూడ్డానికి సులువుగానే ఉంటుంది. రెండు పొరల గాజు గొట్టం ఒకటి. బయటి పొరలో వేడినీళ్ళు తిరుగుతూ లోపల 37 డిగ్రీల వెచ్చదనం నిలుపుతాయి. లోపల క్రెబ్స్ ద్రావణం: ఉప్పులు, బైకార్బొనేటు, కొంచెం గ్లూకోజు. అడుగు నుంచి 95 శాతం ఆక్సిజను, 5 శాతం కార్బన్ డయాక్సైడు బుడగలుగా వస్తుంటాయి. శరీరం నుంచి విడిపోయిన నాళానికి ఇంకా శరీరంలోనే ఉన్నామన్న భ్రమ కల్పించడానికే ఈ ఏర్పాటంతా. నాళాన్ని దొండకాయ చక్రాల్లా మూడు నాలుగు మిల్లీమీటర్ల ఉంగరాలుగా కోసి, లోపలినుంచి రెండు సన్నటి తీగలు దూర్చి, ఒకదాన్ని కిందికి బిగించి రెండోదాన్ని బలం కొలిచే సాధనానికి తగిలిస్తాం. ఓ గంటో గంటన్నరో దాన్ని కుదురుకోనివ్వాలి. మధ్యమధ్య ద్రావణం మారుస్తుండాలి. తర్వాత నోరడ్రినలిన్ చుక్క వేస్తే ఉంగరం బిగుసుకుంటుంది, తెర మీద గీత పైకి లేస్తుంది. అప్పుడు ఆకు సారం వేసి చూస్తాం. గీత దిగితే నాళం సడలినట్టు.

మా గురువులు ఈ గీతను మసి పట్టించిన కాగితం మీద చూశారు. ఆ కాగితం చుట్టడానికి కార్ల్ లుడ్విగ్ 1847లో తయారుచేసిన తిరిగే డ్రమ్ము మన దేశపు ల్యాబుల్లో నూటయాభై ఏళ్ళ దాకా బతికింది. నూనె దీపం మీద కాగితాన్ని తిప్పి మసి పట్టించడం, సూది గీసిన తెల్లగీత చెరగకుండా లక్క ద్రావణంలో ముంచి ఆరేయడం ఒక పని. చేతులు, చీరకొంగు నల్లబడేవి. ఇప్పుడు చాలా కాలేజీల్లో పిల్లలు ఈ ప్రయోగాన్ని కంప్యూటర్ తెర మీద బొమ్మగా చూస్తారు. జంతువుల విషయంలో అది మంచిదే. కానీ నాళాన్ని తీగకు ఎక్కించేటప్పుడు చేతికి తెలిసే మెత్తదనం తెర మీద తెలియదు. ఈ పనిలో సగం విద్య ఆ చేతిలోనే ఉంది.

ఎందుకంటారా? న్యూయార్క్‌లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ ఏళ్ళ తరబడి కుందేలు బృహద్ధమనిని మెలిపట్టీలుగా కోసి పరీక్షలు చేశాడు. ప్రాణమున్న జంతువులో నాళాలను వెడల్పు చేసే అసిటైల్ కోలిన్, ఆయన పట్టీలను మాత్రం బిగించేది. 1978లో ఒక టెక్నీషియన్ ప్రయోగం వరస పొరపాటుగా మార్చడంతో అదే జాతి మందుకు నాళం సడలింది. ఎందుకని వెతికితే తేలిందేమిటంటే, పట్టీ కోసేటప్పుడు లోపలి వైపు దేనికో రాసుకుని, ఒకే కణం మందం ఉన్న ఎండోథీలియం పొర ఊడిపోతోంది. పొర ఉంటే సడలుతుంది, ఊడితే బిగుస్తుంది. 1980లో ఫర్చ్‌గాట్, జవాడ్జ్‌కీ ఈ సంగతి ప్రచురించారు. ఆ పొర వదిలే పదార్థం నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువని తర్వాత తేలింది. 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ ముగ్గురికీ నోబెల్ వచ్చింది. కాబట్టి “మా ఆకు నాళాన్ని సడలించలేదు” అని ఎవరైనా అంటే, పొర మిగిలుందో లేదో చూశారా అని అడగాలి.

ఇక మనిషి నాళం. ఎలుక నాళం మీద పనిచేసిందల్లా మన మీద పనిచేయదు కనుక చివరికి ఎప్పుడో మనిషి దగ్గరికి రావాల్సిందే. బైపాస్ ఆపరేషన్లో కాలి నుంచి తీసిన సిరలో మిగిలిన ముక్క ఒక దారి. అంతకంటే అందుబాటులో ఉన్నది బొడ్డుతాడు. అందులో రెండు ధమనులు, ఒక సిర. ఆ సిర లోపలి పొర కణాలను వేరుచేసి పెంచే పద్ధతిని 1973లో ఎరిక్ జాఫ్ బృందం ప్రచురించినప్పటి నుంచి ప్రపంచంలో రక్తనాళాల పరిశోధనలో ఎంతో భాగం పుట్టిన బిడ్డల బొడ్డుతాళ్ళ మీద నడుస్తోంది. ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి, తల్లి సంతకం కావాలి. సంతకం కోసం కాన్పు గది బయట నిలబడితే కాగితంలో ఏం రాశామో ఎవరూ చూడరు. అమ్మమ్మ మాత్రం అడుగుతుంది: “బిడ్డకేం కాదు గదమ్మా?” ఏం కాదు, కోసి పారేసేదే అని చెబితే ఒక్కోసారి ఇంకా అనుమానం పెరుగుతుంది. బొడ్డు ఊడితే దాచే ఇళ్ళు, తాడు పాతిపెట్టే ఇళ్ళు మనవి. పారేసేదన్న మాట వాళ్ళకి రుచించదు. దేనికి వాడతామో విడమరిచి చెబితే చాలామంది ఒప్పుకుంటారు.

బొడ్డుతాడులో ఒక చిక్కుంది. అందులో నరాలు లేవు. ఇది చిన్న సంగతిలా కనబడుతుంది గానీ, మన దేశం ప్రపంచానికిచ్చిన అతి పెద్ద బీపీ మందు ఈ పరీక్షలో తప్పిపోయేదే.

సర్పగంధ సంగతి చెబుతున్నాను. మనవైపు పాతాళగంధి అంటారు. పిచ్చి ముదిరినవాళ్ళకు, నిద్ర పట్టనివాళ్ళకు, పాము కాటుకు దీని వేరు వాడేవారు. 1931లో ఢిల్లీ టిబ్బియా కాలేజీలో సలీముజ్జమాన్ సిద్దిఖీ దీని నుంచి అజ్మలిన్ వేరుచేసి, హకీం అజ్మల్ ఖాన్ పేరు పెట్టాడు. అదే ఏడాది గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ పిచ్చికీ రక్తపోటుకీ కూడా ఇది పనిచేస్తుందని రాశారు. కలకత్తాలో రామ్‌నాథ్ చోప్రా ల్యాబులోనూ రక్తపోటు మీద దీని ప్రభావం చూశారు. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ తన రక్తపోటు రోగుల్లో దీని ఫలితాలను బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రచురించాక బయటి ప్రపంచం కళ్ళు తెరిచింది. 1952లో స్విట్జర్లాండు సీబా కంపెనీ రిసర్పిన్‌ని వేరుచేసింది. ఈ రిసర్పిన్ ముఖ్యంగా నరాల చివర దాచి ఉన్న నోరడ్రినలిన్‌ని ఖాళీ చేస్తుంది. సరుకు అయిపోయాక నరం నాళాన్ని బిగించలేదు. దీనికి సమయం పడుతుంది, ముందు నరమంటూ ఉండాలి. నరాలు లేని బొడ్డుతాడు మీద రిసర్పిన్ వేసి గంటసేపు గీత చూస్తూ కూర్చుంటే దాని అసలు పని కనబడదు. మా పిల్లవాడెవడైనా ఆ గీత పట్టుకొచ్చి “మేడమ్, పాతాళగంధి పనికిరాదు” అంటే ఏం చెప్పాలి?

ఇంకో సంగతి. రక్తపోటు కొలిచే పట్టీని రీవా రోచీ 1896లో తెచ్చాడు, స్టెతస్కోపుతో వినే పద్ధతిని కొరట్కోఫ్ 1905లో చెప్పాడు. అంతకు ముందున్న వైద్య గ్రంథాల్లో మనవాళ్ళు రాసింది గుండెదడ, తల తిరుగుడు, వాపు, నిద్రలేమి గురించి. కాబట్టి “తాతల కాలం నుంచి బీపీకి వాడుతున్నారు” అని ప్రాజెక్టు రిపోర్టు మొదటి పేజీలో రాస్తే నేను కొట్టేస్తాను. తాతలు దేనికి వాడారో అడిగి రాసుకు రమ్మంటాను. ఆ అడగడంలోనే అసలు విషయం దొరుకుతుంది: పచ్చిదా ఎండుదా, ఆకా వేరా, నీళ్ళలో కాచారా పాలలో కాచారా.

పాల మాట ఎందుకంటే తెల్లమద్ది ఉంది. వాగుల ఒడ్డున పెరుగుతుంది కనుక ఏరుమద్ది అని కూడా అంటారు. ఆయుర్వేదంలో దీని చెక్కను పాలలో కాచి గుండెజబ్బుకి ఇస్తారు. మా ల్యాబుల్లో మాత్రం సాక్స్‌లెట్ ఉపకరణం పెట్టి హెక్సేన్‌తో ఒకసారి, మిథనాల్‌తో ఒకసారి పిండుతారు. ఏ ఇంట్లోనూ ఎవరూ తాగని సారాన్ని పరీక్షించి, ఇంటి మందు రుజువైందని రాస్తారు. నాకిది మొదట్నుంచీ మింగుడుపడదు. రసాయనం వేరుచేయాలంటే మిథనాల్ కావాల్సిందే, కాదనను. పక్కన ఒక గిన్నెలో పాల కషాయం కూడా కాచి చూడ్డానికి ఏం అడ్డం?

సారం వేయగానే గీత దిగితే సంబరపడే ముందు చూడాల్సినవి చాలా ఉన్నాయి. సారాన్ని కరిగించిన ఆల్కహాలు, డైమిథైల్ సల్ఫాక్సైడు తగినంత పడితే అవే నాళాన్ని సడలిస్తాయి. ఉత్త ద్రావకం వేసి వేరే ఉంగరం మీద చూడకపోతే ఆ గీతకు అర్థం లేదు. ఆకు రసాల్లో పొటాషియం దండిగా ఉంటుంది. ల్యాబులో నాళాన్ని బిగించడానికి మేం కావాలని వేసేది పొటాషియమే. అంటే ఆకు మంచిదైనా అందులోని ఉప్పు ఫలితాన్ని తారుమారు చేయగలదు. చెక్కల్లో, కాయతొక్కల్లో వగరు ఎక్కువ. ఆ టానిన్లు దొరికిన ప్రోటీనునల్లా పట్టుకుని గడ్డకట్టిస్తాయి, ఉంగరం ఇక లేవదు. కడిగి మళ్ళీ నోరడ్రినలిన్ వేస్తే ఉంగరం మామూలుగా బిగుసుకోవాలి. బిగుసుకోకపోతే సడలింది అనకండి, చచ్చింది అనండి. అన్నిటికంటే పెద్దది మోతాదు. గాజు గొట్టంలో మిల్లీలీటరుకి మిల్లీగ్రాము చొప్పున పోస్తాం. నోటితో తాగిన కషాయం పేగు దాటి, కాలేయం దాటి అంత చిక్కగా నెత్తుట్లోకి చేరాలంటే కడివెడు తాగాలి. మునగాకు కథలో ఇదే ఉంది. కరాచీలో అదే సలీముజ్జమాన్ సిద్దిఖీ స్థాపించిన సంస్థ నుంచి 1994లో, ఆయన కన్నుమూసిన ఏడాది, మునగాకులో రక్తపోటు తగ్గించే పదార్థాలను వేరుచేసిన పరిశోధన వచ్చింది. మత్తిచ్చిన ఎలుకల నెత్తుట్లోకి నేరుగా ఎక్కించి చూశారు. మంచి పరిశోధన. అది మన మునగాకు పప్పు గురించి చెప్పింది మాత్రం తక్కువ.

కోయకుండానే మనిషి నాళాన్ని చూసే పద్ధతి ఒకటుంది, 1992 నుంచి వాడుకలో ఉంది. చేతికి పట్టీ బిగించి అయిదు నిమిషాలు రక్తం ఆపి వదిలేస్తారు. ఒక్కసారిగా రక్తం ఉరికినప్పుడు లోపలి పొర బాగుంటే ధమని వెడల్పవుతుంది. ఎంత వెడల్పయిందో అల్ట్రాసౌండ్‌తో కొలుస్తారు. పొగ తాగేవాళ్ళలో ఈ వెడల్పు తగ్గిపోతుంది. ఇండోర్ డాక్టర్లు 18 మంది పొగరాయుళ్ళకు తెల్లమద్ది చెక్క మందు రోజుకు మూడుసార్లు 500 మిల్లీగ్రాముల చొప్పున రెండు వారాలిచ్చి, ఉత్తుత్తి మందుతో పోల్చి చూశారు. వెడల్పు మెరుగైందని 2004లో రాశారు. పొగాకు బోర్డు ఉన్న గుంటూరులో, పొగాకు పండే ఒంగోలు చుట్టుపక్కల ఈ ప్రయోగం పెద్దయెత్తున జరగాల్సింది. 18 మంది చాలా తక్కువ. దీన్ని పట్టుకుని చుట్ట తాగుతూ మద్దిచెక్క మింగే తెలివిమంతులు కూడా ఉంటారు, వాళ్ళకు నా దగ్గర మందు లేదు.

గాజు గొట్టం నుంచి మనిషి దాకా వచ్చిన మొక్క ఒకటి మన వంటింట్లోనే ఉంది: ఎర్ర గోంగూర. ఆ పువ్వు కింది ఎర్రటి, పుల్లటి, కండగల రేకల సారం ఎలుక ధమని ఉంగరాలను సడలిస్తుందని మలేసియా వాళ్ళు 2007లో చూపారు. అమెరికాలో టఫ్ట్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు రక్తపోటు కాస్త ఎక్కువున్న 65 మందిని తీసుకుని, కొందరికి ఆ రేకల టీ, కొందరికి దానిలాంటి రంగు నీళ్ళు రోజుకు మూడు కప్పుల చొప్పున ఆరు వారాలిచ్చారు. టీ తాగినవాళ్ళకు పై అంకె సగటున 7 పాయింట్లు తగ్గింది, రంగు నీళ్ళు తాగినవాళ్ళకు 1 పాయింటు. ఇది 2010లో వచ్చింది. మందు మాత్ర స్థాయి కాదు గానీ నిజమైన తగ్గుదలే. ఇది విని గుంటూరువాళ్ళు మీసం తిప్పే ముందు ఒక మాట: వాళ్ళు తాగింది ఉప్పులేని రేకల టీ. మనం తినేది ఆకు, దాని మీద నూనె, ఎండుమిర్చి, చేతికొద్దీ ఉప్పు. పెద్దవాళ్ళు రోజుకు 5 గ్రాముల కంటే తక్కువ ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. మన పచ్చడి జాడీ ఆ లెక్కలో ఎక్కడా ఇమడదు.

ఎండుమిర్చి అన్నాను కదా. రక్తనాళం మీద ఎలా పనిచేస్తుందో అణువు స్థాయి దాకా తెలిసిన మొక్కల్లో మిరప ఒకటి. యార్డులో, కోల్డు స్టోరేజీల దగ్గర తొడిమలు తీసే ఆడవాళ్ళ చేతులు చూడండి. ఎర్రగా కందిపోయి, సెగలు కక్కుతుంటాయి. అక్కడ చర్మం కాలలేదు. మిరపలోని కాప్సైసిన్ చర్మపు నరాల చివరలున్న ఒక ద్వారాన్ని తెరుస్తుంది. అది వేడికి తెరుచుకునే ద్వారమే. దాన్ని 1997లో గుర్తించినందుకు డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ పంచుకున్నాడు. ద్వారం తెరుచుకోగానే నరం సీజీఆర్పీ అనే పదార్థాన్ని వదులుతుంది. నాళాలను సడలించేవాటిలో అది మహా బలమైనది. అందుకే ఎరుపు, అందుకే సెగ. నీళ్ళతో కడిగితే మంట పోదు, కాప్సైసిన్ నీళ్ళలో కరగదు కాబట్టి. నూనె రాసి తుడిచేవాళ్ళు సరిగ్గా చేస్తున్నారు. ఏళ్ళ తరబడి ఆ పనిలో ఉన్నవాళ్ళకు మంట తగ్గిపోతుంది. ఆ నరాలు మొద్దుబారతాయి. ఇదే మొద్దుబారడాన్ని పట్టుకుని హంగరీలో, మిరపకు పేరున్న సెగెడ్ ఊళ్ళో, మిక్లోష్ యాంచో ఒక పరిశోధనా పరంపరనే నడిపాడు. బెల్జియం వాళ్ళు ఆరోగ్యవంతుల ముంజేతి మీద చిన్న రబ్బరు ఉంగరాలు పెట్టి, అందులో కాప్సైసిన్ చుక్క వేసి, చర్మంలో రక్తం ఎంత పెరిగిందో లేజరుతో కొలిచారు. మైగ్రేన్‌కి సీజీఆర్పీని అడ్డుకునే మందులు పనిచేస్తున్నాయా లేదా అన్నది ఆ మిరప ఎరుపు తగ్గడాన్ని బట్టి చూశారు. ఆ జాతి మందుల్లో మొదటిదానికి అమెరికాలో 2018లో అనుమతి వచ్చింది.

ఆసియాలోనే పెద్దదని చెప్పుకునే మిర్చి యార్డు మనది. లాం ఫారంలో వంగడాలు పుట్టించాం, తేజ ఘాటును విదేశాలకు అమ్ముతున్నాం. సెగెడ్‌కి వచ్చిన పేరు మాత్రం మనకు రాలేదు. తొడిమలు తీసే చేతులు మనవి, ఆ చేతుల్ని చూసి ప్రశ్న అడిగినవాళ్ళు వేరేచోట ఉన్నారు. ఇది నాకు కోపం తెప్పించే విషయం. మా పిల్లలు ఎక్కడో చదివిన మొక్క పేరు పట్టుకొచ్చినప్పుడు ముందు యార్డుకి వెళ్ళి ఆ ఆడవాళ్ళతో మాట్లాడి రమ్మంటాను.

చివరగా ఒక హెచ్చరిక, ఎందుకంటే ఆకు తెచ్చే చేతులన్నీ ఆకును గుర్తుపట్టే చేతులు కావు. 1993లో బ్రస్సెల్స్ వైద్యులు కిడ్నీలు చెడిన ఆడవాళ్ళ గురించి రాశారు. వాళ్ళంతా సన్నబడటానికి ఒకేచోట చైనా మూలికలు వాడినవాళ్ళు. ఒక మూలిక బదులు అరిస్టొలోకియా జాతి మొక్క కలిసిపోయింది. ఆ జాతి మొక్క మన నల్లరేగడి చేలల్లోనూ ఉంది, గాడిదగడపాకు అంటాం. నల్లమద్దికీ తెల్లమద్దికీ తేడా చెక్క ఎండాక అందరికీ తెలియదు. అందుకే మా దగ్గర ఆకు కంటే ముందు పువ్వో కాయో ఉన్న రెమ్మను అట్టకు అంటించి, ఊరు, తేదీ రాసి భద్రం చేయాలి. అది లేని గీతను నేను లెక్కలోకి తీసుకోను. రక్తపోటు నయం చేస్తామని మందుకు ప్రకటన ఇవ్వడం 1954 నాటి చట్టం ప్రకారం నేరమని కూడా పిల్లలకు చెబుతాను. వాళ్ళలో కొందరు రేపు ఆ ప్రకటనలు రాసే కంపెనీల్లోనే చేరతారు.

మీరు ఇంట్లో ఏ ఆకు కషాయం తాగుతున్నా బీపీ మాత్ర మీ అంతట మీరు ఆపకండి. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ మొక్క రెమ్మనో, పొడి డబ్బానో సంచిలో వేసుకెళ్ళి చూపించండి. ఆపరేషన్ రాసి ఉంటే మత్తు డాక్టరుకి కూడా తప్పకుండా చెప్పండి.